టైపింగ్ వల్ల మణికట్టు నొప్పి తగ్గాలంటే?

అమలాపురంలో డీటీపీ సెంటర్ నడుపుతున్నానని, సాయంత్రానికి మణికట్టు లాగేస్తోందని, రాత్రి వేళ్లు తిమ్మిరెక్కి మెలకువ వచ్చేస్తోందని అడిగారు. ముందు ఏ వేళ్లో గమనించండి. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు అయితే మణికట్టు దగ్గర మీడియన్ నరం నొక్కుకుపోతోందేమోనని అనుమానించాలి. చిటికెన వేలు ఆ నరం కిందికి రాదు. రాత్రిపూట మణికట్టు వంగకుండా పట్టి ఉంచే స్ప్లింట్‌తో చాలామందికి తగ్గుతుంది. బామ్ రాస్తే కాసేపు హాయి, అంతే.

ఇక కూర్చునే తీరు. మన సెంటర్లలో బల్ల ఎత్తు, ప్లాస్టిక్ కుర్చీ పొట్టి. మోచేయి కీబోర్డు ఎత్తుకి వచ్చేలా కుర్చీలో దిండు వేసుకోండి. కీబోర్డు అడుగున వెనకవైపు ఉండే బుల్లి కాళ్లు మడిచేయండి, అవి లేపితే మణికట్టు పైకి వంగుతుంది. తెలుగు టైపింగ్‌లో షిఫ్ట్ పని ఎక్కువ కదా, షిఫ్టూ అక్షరమూ ఒకే చేత్తో సాగదీసి నొక్కకండి, రెండో చేతి షిఫ్ట్ వాడండి. అరగంటకోసారి చేతులు దించండి, దస్తావేజు ఎంత తొందరదైనా సరే.

గ్లాసు చేజారుతున్నా, బొటనవేలి మొదట్లో కండ తగ్గినా ఆలస్యం చేయక కాకినాడో రాజమండ్రో వెళ్లి నరాల డాక్టరుకి చూపించండి. షుగరు, థైరాయిడ్ పరీక్షలూ చేయించండి, వాటివల్లా ఇది రావచ్చు.