రేపల్లె రైలు మార్గానికి నూరేళ్లు ఎప్పుడు నిండాయి, అది అక్కడితోనే ఎందుకు ఆగింది?

గుంటూరు నుంచి తెనాలి మీదుగా రేపల్లెకు వెళ్లే మార్గాన్ని మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే 1916లో నిర్మించింది కనుక, శతాబ్ది లెక్క 2016తో సరిపోతుంది. 1855 నాటికి బెజవాడలో పూర్తయిన ఆనకట్ట కాలువల నీటితో డెల్టాలో వరి విస్తరించగా, ఆ ధాన్యం బయటి మార్కెట్లకు చేరడానికి రైలు అక్కరకు వచ్చింది. ఆగడానికి కారణం కృష్ణానదే. రేపల్లె దాటితే పెనుమూడి రేవు, ఆవలి ఒడ్డున పులిగడ్డ, ఆ వెనుక దివిసీమ. నెత్తిన మూటలతో పడవ దిగి, రైలు అందుకోవడానికి రేపల్లె దారి పట్టిన దివిసీమవాసులకు ఈ ఊరే స్టేషను. తరువాత నదిపై వంతెన వచ్చింది గాని, అది రోడ్డు వంతెన మాత్రమే. పట్టాలు నేటికీ రేపల్లెలోనే ముగుస్తాయి. (2022 నుంచి ఈ పట్టణం బాపట్ల జిల్లాలో ఉన్నా, పాతవారి నోట ఇంకా గుంటూరు జిల్లాయే.)