సమాధానం: పోసోలే చప్పగా ఉందన్నారు కదా

పోసోలే అంటే లావు మొక్కజొన్న గింజలు, పంది లేదా కోడి మాంసంతో వండే మెక్సికన్ సూప్. అది నీళ్లనీళ్లగా ఉందని, అందులో శనగలు వేశారని రాశారు. దాని పక్కన నిమ్మబద్దలు, ఒరెగానో, తరిగిన కూరలతో పెట్టిన చిన్న ప్లేటు ముట్టుకోకుండా తిని ఉంటారు. మీ వీధి టకేరియాలో (టాకోలు అమ్మే మెక్సికన్ హోటల్లో) పోసోలే నీళ్లనీళ్లగా అనిపించడానికి కారణం చాలావరకు అదే. వంటలో లోపం అయ్యుండదు. ఈ సూప్‌కి చివరి రుచి మనమే బల్ల దగ్గర కలుపుకోవాలి.

1. ముందు ఉత్త రసం ఒక చెంచా రుచి చూడండి. ఉప్పు తక్కువైతే అప్పుడే వేసుకోండి.

2. నిమ్మకాయ పిండండి. చాలామంది వదిలేసేది ఇదే. రెండు చుక్కలు చాలవు. ఒక బద్ద పూర్తిగా పిండి, అడుగుదాకా కలిపి, మళ్లీ రుచి చూడండి. పంది కొవ్వు జిడ్డు విరిగి, మిరప రుచి అప్పుడే పైకి వస్తుంది. చాలకపోతే ఇంకో బద్ద.

3. ఎండు ఒరెగానో అరచేతుల్లో నలిపి చల్లండి. నలపకపోతే వాసన సరిగా రాదు.

4. తరిగిన క్యాబేజీ, ముల్లంగి, ఉల్లిపాయ కొంచెం కొంచెంగా వేసుకుంటూ తినండి. ఒకేసారి వేస్తే మెత్తబడిపోతాయి.

5. మిరప సాల్సా (కారం చట్నీ లాంటిది) చివర్లో. తెల్ల పోసోలే అయితే ఇది తప్పనిసరి, ఎందుకంటే అందులో మిరప కలిపి వండరు.

మీరు శనగలు అనుకున్నవి లావు మొక్కజొన్న గింజలు. సున్నపు నీళ్లలో ఉడికించి పొట్టు తీస్తారు, తర్వాత పువ్వుల్లా విచ్చుకుంటాయి.

బీఫ్ తినకపోతే ఒక్క జాగ్రత్త: పోసోలేలో మామూలుగా పంది లేదా కోడి మాంసం ఉంటుంది, మెనూదో అనే ఇంకో మెక్సికన్ వంటకం మాత్రం బీఫ్ బోటి సూప్. ఆర్డర్ చేసేముందు అడగండి.