‘పుస్తకం’ అని వెతికితే ‘పుస్తకాలు’ ఎందుకు రావు?

ప్రశ్న: మా గ్రంథాలయంలోని 40 వేల పుస్తకాల వివరాలు పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఉన్నాయి. వెతకడానికి అందులో ఉన్న సెర్చ్ సరిపోతుందా? సోలర్, ఎలాస్టిక్‌సెర్చ్ లాంటి సెర్చ్ ఇంజిన్ విడిగా పెట్టుకోవాలా?
– గ్రంథాలయ నిర్వాహకురాలు, తెనాలి

జవాబు: ముందు డేటాబేస్‌లో ఉన్నదే వాడండమ్మా. 2008లో వచ్చిన 8.3 వెర్షన్ నుంచీ పోస్ట్‌గ్రెస్‌లో ఈ సదుపాయం ఉంది. జిన్ (GIN) ఇండెక్స్, అంటే ఏ మాట ఏ పుస్తకం వివరాల్లో ఉందో చెప్పే సూచిక, ఒకటి కట్టుకుంటే 40 వేల పుస్తకాలు దానికి ఒక లెక్క కాదు. పుస్తకం చేర్చగానే కనిపిస్తుంది, తీసేయగానే పోతుంది.

సోలర్, ఎలాస్టిక్‌సెర్చ్ రెండూ లూసీన్ అనే సెర్చ్ లైబ్రరీ మీద కట్టినవి. గట్టివే, కానీ వాటిలో ఉండేది మీ డేటాకు నకలు. ఆ నకలును అసలుతో సరిచూస్తూ ఉండే మనిషి మీ దగ్గర ఉన్నారా? ఒక ప్రచురణకర్త జాబితాకు నేను విడిగా ఇంజిన్ పెట్టాను. రాత్రిపూట డేటా పంపే ప్రోగ్రాం వారం రోజులు ఆగిపోయినా నేను గమనించలేదు. అమ్ముడైపోయిన పుస్తకానికి డబ్బు కట్టిన ఒక పెద్దాయన ఫోను చేస్తే తెలిసింది. ఆ ఫోను నేనింకా మరిచిపోలేదు.

చిక్కల్లా తెలుగుతోనే. పోస్ట్‌గ్రెస్‌లో హిందీకి, తమిళానికి పదాల చివరి ప్రత్యయాలు తొలగించే నియమాలున్నాయి, తెలుగుకు లేవు. ‘పుస్తకం’ అని అడిగితే ‘పుస్తకాలు’ రావు. ‘పుస్తక:*’ అని, అంటే ‘పుస్తక’తో మొదలయ్యే మాటలన్నీ కావాలని, అడిగితే పుస్తకం, పుస్తకాలు, పుస్తకాలలో అన్నీ వస్తాయి. మీ ప్రోగ్రాం రాసేవారితో చివరి సున్నా తీసేసి ఇలా అడిగేలా చేయించండి. ‘ఇల్లు’, ‘ఇంట్లో’ లాంటివాటికి మాత్రం పర్యాయపదాల పట్టిక రాసుకోక తప్పదు.

లూసీన్‌లో 9వ వెర్షన్ నుంచి తెలుగు నియమాలున్నాయి. పైగా అరుదైన మాటకు అది ఎక్కువ విలువ ఇస్తుంది: ‘చేబ్రోలు చరిత్ర’ అని వెతికితే చేబ్రోలు ఉన్న పుస్తకాన్ని పైకి తెస్తుంది. పోస్ట్‌గ్రెస్ సొంత ర్యాంకింగ్ ఆ లెక్క వేయదు. రేపు పుస్తకాల లోపలి పేజీలు కూడా లక్షల్లో ఎక్కిస్తే, అప్పుడు సోలర్ పెట్టుకోండి.

ఏది వాడినా ఈ పని ఇప్పుడే చేయండి. ‘సాఫ్ట్‌వేర్’ అనే మాటలో ‘ట్’ తర్వాత కంటికి కనిపించని గుర్తు ఒకటి ఉంటుంది. కొందరు దానితో టైపు చేస్తారు, కొందరు అది లేకుండా. కంప్యూటర్‌కు అవి రెండు వేర్వేరు మాటలు. ఇండెక్స్‌లోకి వెళ్లే మాటల నుంచి, వెతికే మాట నుంచి కూడా ఆ గుర్తును తీయించేయండి.