ముందు ఆటుపోట్ల పట్టిక, తర్వాతే కారు తాళాలు

ప్రశ్న: ఇంగ్లండ్‌లో న్యూకాజిల్ దగ్గర ఉంటున్న మా ఇంటికి అమ్మానాన్న వచ్చారు. నాన్నకి పాత కట్టడాలంటే ప్రాణం, అమ్మకి సముద్రం కనబడితే చాలు. ఐదు కిలోమీటర్లు మించి నడవలేరు, పైగా వెళ్లిన దారినే తిరిగి రావడమంటే నాన్నకి విసుగు. ఒక్కరోజులో వెళ్లొచ్చే చోటేదైనా చెప్పండి.

జవాబు: లిండిస్‌ఫార్న్‌కి తీసుకెళ్లండి, అక్కడివాళ్లు హోలీ ఐలాండ్ అంటారు. కానీ దీవికి వెళ్లే రోడ్డు రోజుకి రెండుసార్లు సముద్రంలో మునిగిపోతుంది. ఏ రోజు ఏ గంటల్లో దాటొచ్చో నార్తంబర్లాండ్ కౌంటీ కౌన్సిల్ వేళలు ప్రకటిస్తుంది, అవి రోజూ మారుతుంటాయి. అది చూశాకే ప్రయాణం పెట్టుకోండి. నీళ్లు తక్కువగానే ఉన్నాయి కదా, దాటేద్దాం అనుకుని కారుతో సహా ఇరుక్కుపోయేవాళ్లు ఏటా ఉంటారు, లైఫ్‌బోట్ వచ్చి కాపాడాల్సి వస్తుంది. పెద్దవాళ్లతో ఆ టెన్షన్ మనకొద్దు.

కారు ఆపి ఊళ్లోకి నడిస్తే ముందు పాత క్రైస్తవ మఠం శిథిలాలు. 635లో ఎయిడన్ అనే క్రైస్తవ సన్యాసి ఇక్కడ మఠం పెట్టాడు, 793లో ఓడల్లో వచ్చి దోపిడీ చేసే వైకింగులు దాన్ని దోచుకున్నారు. ఇప్పుడు కనిపించే ఎర్రరాతి గోడలు మాత్రం పన్నెండో శతాబ్దానివి. కప్పు మొత్తం పోయినా ఒకే ఒక్క రాతి కమాను ఇంద్రధనుస్సులా గాల్లో నిలిచి ఉంటుంది, నాన్నగారు అక్కడ్నుంచి ఓ పట్టాన కదలరు, తొందరపెట్టకండి.

అక్కడ్నుంచి రేవు మీదుగా కోటకి. దారిలో పాత చేపల పడవలని బోర్లించి, తారు పూసి, తలుపులు బిగించి సామాన్లు దాచే కొట్లుగా వాడుకుంటారు, భలే ఉంటాయి. మఠం మూతపడ్డాక దాని రాళ్లతోనే పదహారో శతాబ్దంలో ఈ కోట కట్టారు. పక్కనే పెద్ద సున్నపు బట్టీలు. వాటికి సున్నపురాయి మోసిన వ్యాగన్ల పట్టాల దారే ఇప్పుడు మీరు నడిచే బాట, అందుకే చదునుగా ఉంటుంది, మోకాళ్లకి హాయి. కుడివైపంతా సముద్రమే, అమ్మగారికి ఇక్కడే పండగ. కొద్దిదూరం పోయాక చెరువొకటి వస్తుంది, అక్కడ ఎడమకి తిరిగి పొలాల మధ్య దారి పట్టుకుంటే మళ్లీ ఊళ్లోకే చేరతారు. మొత్తం సుమారు ఐదు కిలోమీటర్లు. ఓపిక మిగిలితే చెరువు దగ్గర మళ్లకుండా ఉత్తరానికి, తెల్ల పిరమిడ్ గుర్తు దాకా వెళ్లండి, అది దాటితే ఇసుక బీచ్.

గాలి మాత్రం ఎండాకాలంలో కూడా కోసేస్తుంది, అమ్మగారికి చెవులు కప్పే టోపీ మర్చిపోకండి. కోటకి, మఠానికి టికెట్లు వేరువేరు. కోట తెరిచే వేళలు ఆటుపోట్లని బట్టి మారతాయి కాబట్టి అవి కూడా ముందురోజే చూసిపెట్టుకోండి.