హాకర్‌కీ డేగకీ చుట్టరికం లేదు

"హాకర్ అంటే వీధుల్లో సరుకులు అమ్మేవాడేనా? హాక్ అంటే డేగ కదా, మరి ఆ పేరెలా వచ్చింది? వెండర్, పెడ్లర్ అన్నా ఇదేనా?" అని అడిగారు.

డేగ సంగతి ముందు తేల్చేద్దాం, ఎందుకంటే నేనూ చాలాకాలం అలాగే పొరబడ్డాను. వేట కోసం డేగ చక్కర్లు కొట్టినట్టు, గిరాకీ కోసం ఇతను వీధుల్లో చక్కర్లు కొడతాడని సొంతంగా కథ అల్లుకున్నాను. పైగా నలుగురికీ చెప్పాను కూడా! తర్వాత నిఘంటువు తిరగేస్తే తెలిసింది, అవి రెండూ వేర్వేరు మాటలని. డేగ పేరు పాత ఇంగ్లీషులోదే. అమ్మే హాకర్ మాత్రం ఉత్తర జర్మనీ ప్రాంతపు పాత భాష నుంచి వచ్చాడు. తమాషా ఏమిటంటే, ముందు హాకర్ అనే మాట వచ్చింది, తిరిగి అమ్మడం అనే అర్థంలో 'హాక్' అన్న క్రియను దాంట్లోంచి తర్వాత తీశారు. డేగలతో వేటాడేవాణ్ణి కూడా హాకర్ అంటారు. గొంతు కాండ్రించడం కూడా హాకే. స్పెల్లింగ్ ఒకటే, వరస మాత్రం కలవదు.

ఇక పెడ్లర్. దీనితో నాకు బాగానే తలంటు పడింది. వీధి వ్యాపారుల మీద ఒక నివేదికను ఇంగ్లీషులోకి మారుస్తున్నాను. ప్రతి వాక్యంలోనూ వెండర్, వెండర్ అని రాయలేక, మధ్యమధ్య పెడ్లర్ అని పెట్టాను. సాహిత్యం చదివిన మొహం కదా! 'పెడ్లర్లందరికీ గుర్తింపు కార్డులివ్వాలి' అన్న వాక్యం కింద ఎర్రగీత గీసి, పక్కన 'గంజాయి అమ్మేవాళ్లకా?' అని రాసి వెనక్కి పంపారు. పాతకాలంలో పెడ్లర్ అంటే మూట భుజాన వేసుకుని ఇంటింటికీ తిరిగే మనిషి. ఇప్పుడు ఆ మాట వినగానే ముందు మత్తుమందులు, ఆ తర్వాత పుకార్లు గుర్తొస్తాయి.

బ్రిటన్ చట్టాలు ఈ ఇద్దరినీ భలే విడదీశాయి. 1871 నాటి పెడ్లర్ల చట్టం ప్రకారం కాలినడకన తిరిగి అమ్మేవాడు పెడ్లర్. 1888 నాటి హాకర్ల చట్టం ప్రకారం గుర్రమో, బరువు మోసే మరో జంతువో వెంట ఉంటే హాకర్. అంటే గుర్రం కొనుక్కుంటే ప్రమోషన్ అన్నమాట. వీధి వ్యాపారుల కోసం మన దేశం తెచ్చిన 2014 చట్టం ఇంత లోతుకి పోలేదు, హాకర్, పెడ్లర్ అందర్నీ 'స్ట్రీట్ వెండర్' కిందే చేర్చేసింది. సింగపూర్‌లో అయితే హాకర్ అసలు తిరగనే తిరగడు. కప్పు కింద వరసగా ఉండే స్టాళ్లలో వంట చేసి అమ్ముతాడు. 2020లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది ఈ హాకర్ సంస్కృతే.

వెండర్ మర్యాదైన మాటే, కానీ ఆఫీసుల్లో వెండర్ అంటే కంప్యూటర్లు, కుర్చీలు వంటివి సరఫరా చేసే కంపెనీ. అందుకే ముందు 'స్ట్రీట్' తగిలించాలి. దరఖాస్తులో, నివేదికలో నేనైతే 'స్ట్రీట్ వెండర్' అనే రాస్తాను. అరుస్తూ తిరిగి అమ్మే మనిషి కళ్లకు కట్టాలంటే హాకర్. హక్‌స్టర్ జోలికి మాత్రం పోకండి, అందులో మాయమాటలు చెప్పి అంటగట్టేవాడన్న తిట్టు ఉంది.

'హాకింగ్' అన్న క్రియతోనూ కాస్త జాగ్రత్త. ఎవరైనా తన ప్లాన్‌ని బ్యాంకులన్నింటికీ 'హాక్' చేస్తున్నాడంటే, కొనేవాళ్లు దొరక్క గడపగడపా ఎక్కి దిగుతున్నాడని ఎత్తిపొడుపు. ఇక గేటు మీద 'నో హాకర్స్' అని ఉంటే అది గంపవాళ్లకు మాత్రమే కాదు, టై కట్టుకుని ఇంటింటికీ తిరిగే సేల్స్‌మన్‌కి కూడా. ఆయన మాత్రం అది తన గురించి కాదనుకుని బెల్ నొక్కుతాడు.