హిమానీనదం మీదికి వెళ్లే ముందు మేనకోడలికి

చిరంజీవి హరిణికి,

అత్త ఆశీస్సులు. ఉత్తరకాశీలోని నెహ్రూ పర్వతారోహణ సంస్థలో నీకు బేసిక్ కోర్సు సీటు వచ్చిందని మీ నాన్న ఫోనులో చెప్పాడు. ఆ గొంతులో సంతోషం పావు వంతు, భయం ముప్పావు వంతు. వాడి సంగతి నేను చూసుకుంటాను. నీకు చెప్పవలసినవి ఫోనులో చెబితే సగం గాలికి పోతాయి కనుక కూర్చుని రాస్తున్నాను.

చిన్నప్పటి నుంచి నువ్వు అందరి మెప్పూ పొందిన పిల్లవు. చెప్పు కరిచినా నోరెత్తవు, ఆకలేసినా అడగవు, పెళ్లిళ్లలో అందరికీ చోటిచ్చి గుమ్మం పక్కన పడుకుంటావు. ఇంట్లో దీన్ని మంచితనం అంటారు. మంచు మీద ఇదే గుణం నిన్నూ, నీతో ఒకే తాడుకు కట్టుకున్నవాళ్లనూ ప్రమాదంలోకి నెడుతుంది. నీ ఊపిరితిత్తుల గురించి నాకు బెంగ లేదు, నీ మొహమాటం గురించే ఉంది.

ముందు శరీరం సంగతి. కోర్సుకు వెళ్లేవాళ్లలో చాలామంది రోజూ పరుగెత్తి, అంతటితో సిద్ధమయ్యామనుకుంటారు. పరుగు మంచిదే. కానీ అక్కడ వీపున 15 కిలోలు, కొన్ని రోజుల్లో 20 కిలోల దాకా మోస్తూ గంటల తరబడి నడవాలి. నువ్వు తిరుపతిలో ఉన్నావు, ఇంతకన్నా మంచి వ్యాయామశాల ఎక్కడ దొరుకుతుంది? అలిపిరి దారిలో 3,550 మెట్లు. మొదటి వారం ఉత్త సంచితో ఎక్కు. తరువాత వారానికి రెండేసి కిలోల చొప్పున బియ్యం మూట పెంచుకో. ఇసుక వద్దు, తనిఖీ దగ్గర సమాధానం చెప్పుకోలేవు. ఎక్కేటప్పుడు పక్కవాళ్లతో మాట్లాడగలిగే వేగంలోనే ఎక్కు. ముఖ్యంగా, దిగేటప్పుడు బస్సు ఎక్కకు. దిగేటప్పుడు తొడ కండరాలు సాగుతూ బరువును ఆపుతాయి. కదిలే రాళ్ల మీద సంచితో దిగడానికి కావలసింది ఆ బలమే, అది పరుగుతో రాదు. మోకాలు నొప్పి మొదలైతే మాత్రం బరువు తగ్గించు, గోవింద నామాలు చెప్పుకుంటూ ఈడ్చుకుపోకు.

రిషీకేశ్ నుంచి ఉత్తరకాశీకి తెల్లవారుజామునే బస్సు పట్టుకో. కొండ దారుల్లో మధ్యాహ్నం దాటితే బస్సులు తగ్గిపోతాయి. కోర్సు మొదలయ్యేదానికి ఒక రోజు ముందే చేరుకో.

కోర్సు మొత్తం 28 రోజులు. మొదట్లో ఊరి దగ్గర తేఖలా బండల మీద రాతి శిక్షణ. మంచు ఎప్పుడు చూస్తామా అని పిల్లలు ఈ రోజుల్ని తేలిగ్గా తీసుకుంటారు. నువ్వు ఆ పని చేయకు. ఎనిమిది అంకె ముడి, క్లోవ్ హిచ్, ప్రుసిక్ అనే ముడులు, ఎక్కేవాళ్లు పడకుండా తాడు పట్టి కాచే బెలే, తాడు మీద దిగే రాపెల్లింగ్, తాడును పట్టుకునే జుమార్ పరికరంతో ఎక్కడం, అన్నీ అక్కడే వేళ్లకు ఎక్కాలి. పైన చలికి వేళ్లు మొద్దుబారి, మందపాటి చేతితొడుగులు వేసుకున్నప్పుడు ఆలోచించి ముడి వేసే తీరిక ఉండదు. ఇప్పుడే ఆరు మిల్లీమీటర్ల తాడు రెండు మీటర్లు కొనుక్కుని, టీవీ చూస్తూ, కళ్లు మూసుకుని, వంటింటి చేతితొడుగులు వేసుకుని ముడులు వేయడం అలవాటు చేసుకో. మీ అమ్మ నవ్వితే నవ్వనీ.

అక్కడ పిల్లల్ని చిన్న బృందాలుగా విడగొడతారు, ఒక్కో బృందాన్ని 'రోప్' అంటారు. నీ రోప్‌లో పంజాబ్ పిల్ల ఉండవచ్చు, మణిపూర్ పిల్ల ఉండవచ్చు. శిక్షకులను ఉస్తాద్‌జీ అని పిలుస్తారు. ఆదేశాలన్నీ హిందీలో, అదీ గఢ్వాలీ యాసలో, గాలి హోరులో వస్తాయి. నీ హిందీ సంగతి నాకు తెలుసు. అర్థం కాకపోయినా తల ఊపడం మన పిల్లలకు పెద్ద జబ్బు. "ఉస్తాద్‌జీ, సమఝ్ మే నహీ ఆయా" అనే వాక్యాన్ని ఇప్పుడే నాలుకకు అలవాటు చెయ్యి. ఒకసారి విసుక్కుంటాడు, రెండోసారి చేసి చూపిస్తాడు. నీకు పోయేదేమీ లేదు.

బూట్ల గురించి కాస్త ఎక్కువే చెబుతాను. మంచు మీదికి సంస్థవాళ్లు ప్లాస్టిక్ బూట్లు ఇస్తారు. బరువు, గట్టిదనం, చీలమండ కదలదు. ఇచ్చిన జత వదులనిపించినా, వేళ్లు ముందుకు తగులుతున్నా ఆ గదిలోనే చెప్పి మార్పించుకో. వరుసలో వెనక పదిమంది నిలబడ్డారని సర్దుకుపోయావంటే రెండు వారాలు అనుభవిస్తావు. రెండు జతల మేజోళ్లు తొడుక్కుని కొలత చూసుకో, కాలిగోళ్లు పొట్టిగా కత్తిరించుకో. నడుస్తుండగా మడమ దగ్గర వేడిగా అనిపించిందా, అప్పుడే ఆగి టేపు అంటించు. పొక్కు లేచాక అంటించిన టేపు కంటితుడుపే.

ఉత్తరకాశీ నుంచి వాహనంలో భుక్కి వరకూ వెళ్లి, అక్కడి నుంచి దీన్‌గాడ్ వాగు వెంట పైకి నడుస్తారు. తేలా, గుజ్జర్ హట్ అనే మజిలీలు దాటాక డోక్రియాని హిమానీనదం బేస్ క్యాంపు వస్తుంది, 12 వేల అడుగులకు పైన. దారిలో భూర్జ వృక్షాలు కనిపిస్తాయి. కాగితం లేని రోజుల్లో మనవాళ్లు గ్రంథాలు రాసుకున్నది ఆ బెరడు మీదే. కాసేపు ఆగి చూడు.

ఆ ఎత్తులో నువ్వు పీల్చే ఒక్కో ఊపిరిలో సముద్రమట్టంతో పోలిస్తే ఆక్సిజన్ మూడింట రెండు వంతులకన్నా కాస్త తక్కువ ఉంటుంది. శరీరం దీనికి అలవాటు పడుతుంది, కానీ దాని తీరికలో అది పడుతుంది. రోజూ పరుగెత్తేవాళ్లకు ఎత్తు జబ్బు పట్టదని ఏమీ లేదు. నిజానికి బలంగా ఉన్నవాళ్లే వేగంగా ఎక్కి ముందు పడిపోతారు. తలనొప్పి, వికారం, ఆకలి చచ్చిపోవడం, నిద్ర పట్టకపోవడం కనిపిస్తే అది ఎత్తు జబ్బు మొదలైనట్టే. ఆ రాత్రే చెప్పాలి. పొద్దునకు తగ్గుతుందేమో చూద్దామని గుడారంలో ముడుచుకుని పడుకోకూడదు. విశ్రాంతి తీసుకుంటున్నా ఆయాసం తగ్గకపోయినా, దగ్గు పట్టుకున్నా, నడకలో తూలు వచ్చినా, మాట తడబడినా ఇక చూసేదేమీ లేదు. ఊపిరితిత్తుల్లోకో మెదడులోకో నీరు చేరుతోందని అర్థం. వెంటనే కిందికి దిగడమే అసలు వైద్యం, మందులు దాని తరువాతే. నీ గుడారంలోని పిల్లలో ఈ లక్షణాలు చూసినా నువ్వే వెళ్లి చెప్పు. "చెప్పవద్దు, కోర్సు పోతుంది" అని ఆ అమ్మాయి ఒట్టు వేయించుకుంటుంది. ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టు.

ఇక మంచు. డోక్రియాని దిగువ భాగంలో తెల్లటి మంచు కోసం వెతుకుతావు, రాళ్లూ మట్టీ కనిపిస్తాయి. అదే మొరేన్, కొండను ఒరుసుకుంటూ వచ్చిన హిమానీనదం మోసుకొచ్చిన చెత్త. కాలు పెట్టిన ప్రతి రాయీ కదులుతుంది, నీ కాలి కింద దొర్లిన రాయి వెనకాలవాళ్ల మీదికి పోతుంది. రాయి జారితే గొంతు చించుకుని అరవాలి, మర్యాద చూసుకోకూడదు. వాడియా హిమాలయ భూగర్భ విజ్ఞాన సంస్థవాళ్లు 1990ల నుంచి ఈ హిమానీనదాన్ని కొలుస్తున్నారు, అది ఏటేటా వెనక్కి తగ్గుతోంది. మేము మంచు మీద నడిచిన చోట మీరిప్పుడు రాళ్ల మీద నడుస్తారు.

ఆ మంచు నిలిచి ఉన్నట్టు కనిపిస్తుంది కానీ నిదానంగా పారుతూనే ఉంటుంది. పక్కల రాతిగోడలు పట్టి ఆపడం వల్ల అంచులు మెల్లగా, నడుమ భాగం వేగంగా కదులుతుంది. అడుగున రాతి గట్టు అడ్డం వచ్చిన చోట పైమంచు సాగలేక పగులుతుంది. పైపొర గట్టిబడిన బెల్లం పాకం పళ్లేన్ని వంచి చూడు, పైన చీలుతుంది, లోపల జారుతుంది. ఆ చీలికలే క్రెవాస్‌లు. చాలావాటి లోతు 30 మీటర్ల లోపే ఉంటుంది, అంతకన్నా కింద పైమంచు బరువుకు లోపలి మంచు సాగి చీలికను మూసేస్తుంది. 30 మీటర్లంటే పదంతస్తుల మేడ, కనుక ఆ 'లోపే' అన్న మాటతో ధైర్యం తెచ్చుకోకు. దిగువన నోరు తెరిచి ఉన్న పగుళ్లు కంటికి కనిపిస్తాయి, వాటితో అంత భయం లేదు. పైభాగంలో కొత్త మంచు కప్పేసినవి ప్రమాదం. ఆ కప్పు తెల్లవారుజామున గడ్డకట్టి బరువు ఆపుతుంది, ఎండెక్కితే మెత్తబడుతుంది. అర్ధరాత్రి దాటాక లేపి నడిపించి, మధ్యాహ్నానికల్లా వెనక్కి తెచ్చేది అందుకే. నిద్ర చెడిందని గొణుక్కోకు.

తాడు కట్టుకుని నడిచేటప్పుడు ముందు మనిషికీ నీకూ మధ్య తాడు నేల మీద కుప్పపడకూడదు, బిగుసుకుని లాగకూడదు. వదులుగా ఉంటే పడినవాళ్లు ఎంత దూరం పడితే అంత వేగం వస్తుంది, ఆపేవాళ్ల చేతిలో ఏమీ ఉండదు. తాడు మీద క్రాంపాన్, అంటే బూట్ల అడుగున కట్టుకునే లోహపు ముళ్ల చట్రం, పడనివ్వకు. తొక్కావంటే వెంటనే చెప్పు, ఉస్తాద్ ఆ చోటు తడిమి చూస్తాడు. తిడతాడేమోనని ఊరుకుంటే ఆ తాడు మీద రేపు ఎవరో వేలాడతారు. నీ ముడి నువ్వు చూసుకున్నాక పక్కమనిషి నడుముకు కట్టుకున్న హార్నెస్ పట్టీల బకిల్, తాడు తగిలించే కారబినర్ కొక్కెం తాళం చూడు, నీవి తనకు చూపించు. ఇది అనుమానించడం కాదు, అక్కడి పద్ధతి.

క్రాంపాన్లతో నడక మొదటి రోజు నవ్వు తెప్పిస్తుంది. కాళ్లు కాస్త ఎడంగా పెట్టాలి, లేకపోతే ఒక కాలి ముళ్లు ఇంకో కాలి పట్టీలో చిక్కుకుని బోర్లా పడతావు. బకిళ్లు కాలి బయటివైపుకే ఉండాలి, పట్టీల చివరలు వేలాడకూడదు. అడుగున మంచు ఉండకట్టినప్పుడల్లా ఐస్ యాక్స్ (మంచు గొడ్డలి) కర్రతో తట్టి రాల్చు.

సెల్ఫ్ అరెస్ట్‌కు, అంటే జారిపోతున్నప్పుడు నిన్ను నువ్వే ఆపుకోవడానికి, మాత్రం నీ ప్రాణం పెట్టు. జారుతూ ఉండగా ఐస్ యాక్స్ తలను భుజం దగ్గరకు తెచ్చుకుని, కర్రను ఛాతీకి అడ్డంగా పట్టి, కింది మొనను రెండో చేత్తో తుంటి పక్కన అదిమి, బోర్లా తిరిగి ఒంటి బరువంతా దాని ముక్కు మీద వేయాలి. క్రాంపాన్లు ఉంటే పాదాలు పైకెత్తి మోకాళ్ల మీద ఆగాలి, ముళ్లు మంచులో దిగాయంటే పల్టీ కొట్టిస్తాయి. చదివితే సులువే. వెల్లకిలా, తలకిందులుగా జారుతూ చేయడమే కష్టం. అందరూ నాలుగైదు సార్లు చేసి టీకి పోతారు. నువ్వు ఇంకోసారి, ఎడమ చేత్తో కూడా, అని అడుగు. అడిగినవాళ్లకు ఉస్తాద్‌లు విసుగు లేకుండా నేర్పుతారు, అది నేను మళ్లీ మళ్లీ చూశాను.

బట్టల్లో పత్తి వద్దు. చెమటకు తడిస్తే ఆరదు, ఒంటి వేడి లాగేస్తుంది. ఉన్ని, సింథటిక్ పొరలుగా వేసుకో. నడక మొదలుపెట్టే ముందు ఒక పొర తీసేసి కాస్త చలిగానే బయలుదేరు. నల్ల కళ్లద్దాలు పక్కలు కూడా మూసేవి కావాలి, మబ్బు రోజున కూడా పెట్టుకోవాలి. మంచు మీద ఎండ కిందినుంచి కొడుతుంది, గడ్డం కిందా ముక్కు రంధ్రాల అంచులకూ క్రీము రాసుకో. నెలసరి ఆ ఎత్తులో తేదీ తప్పి రావచ్చు, తేదీని నమ్ముకోక సామాను తీసుకెళ్లు. వాడినవి మూసే సంచుల్లో వెనక్కి తీసుకురావాలి. నొప్పి ఎక్కువగా ఉంటే, మగ ఉస్తాదైనా సరే, ఆ రోజు బరువు తగ్గించమని చెప్పు. వాళ్లకు ఇది కొత్త కాదు. తిండికి రొట్టె, రాజ్మా, బంగాళాదుంప. పైన ఆకలి చస్తుంది కనుక ఇంటి కారప్పొడి ఒక పొట్లం పెట్టుకో, ఊరగాయ వద్దు, సంచిలో కారితే నిద్రసంచి కూడా తినేస్తావు.

మీ నాన్న భయానికి కారణం నీకూ తెలుసు. 2022 అక్టోబరు 4న ఇదే సంస్థ అడ్వాన్స్ కోర్సు బృందం 5,670 మీటర్ల ద్రౌపదీ కా డాండా–2 శిఖరం దగ్గర అవలాంచ్‌లో, అంటే విరుచుకుపడిన మంచు వెల్లువలో, చిక్కుకుంది. 29 మంది పోయారు. వాళ్లలో సవితా కన్స్వాల్ ఉంది, ఆ ఏడాది మే నెలలోనే ఎవరెస్టు, మకాలూ రెండూ ఎక్కిన శిక్షకురాలు. నేర్పు ఉన్నవాళ్లను కూడా కొండ వదలలేదు. నీకేమీ కాదని నేను మీ నాన్నకు హామీ ఇవ్వను, ఇస్తే అబద్ధం అవుతుంది. బేసిక్ కోర్సులో శిఖరం ఉండదని, చివర్లో 'హైట్ గెయిన్' అని ఒక రోజు బేస్ క్యాంపు కన్నా ఎత్తుకు వెళ్లి తిరిగి వస్తారని మాత్రం చెబుతాను. ఆ రోజు వాతావరణం బాగోలేదని వెనక్కి తిప్పితే పిల్లలు ఏడుస్తారు. నువ్వు ఏడిస్తే ఏడువు, కానీ ఇంకాస్త పోదామని ఎవరినీ ఎగదోయకు.

చివర్లో గ్రేడు ఇస్తారు. అడ్వాన్స్‌కు వెళ్లాలంటే 'ఎ' రావాలి. దాని కోసం పక్కవాళ్లను దాటుకుంటూ నడిచేవాళ్లు ప్రతి బ్యాచ్‌లో ఉంటారు. ఉస్తాద్‌ల కళ్లు వెనక వరుస మీద కూడా ఉంటాయి, ఎవరి సంచి ఎవరు మోశారో, గిన్నెలు ఎవరు తోమారో వాళ్లకు తెలుసు. మన మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది, పదమూడేళ్ల పిల్ల. అందరికీ ఆ తేదీ గుర్తుంది. భువనగిరి బండ మీద మొదలై డార్జిలింగ్, లడఖ్‌ల దాకా సాగిన శిక్షణ ఎవరూ తలచుకోరు.

కోర్సులో చేరే ముందు వైద్య పరీక్ష పత్రం నింపించాలి కదా. నీకు ఎనిమిదో ఏట వచ్చిన ఉబ్బసం సంగతి డాక్టరుకు చెప్పు. ఎప్పుడో తగ్గిపోయింది కదా, రాస్తే సీటు పోతుందేమో అని మీ అమ్మ అంటుంది. అయినా చెప్పు, ఛాతీ పరీక్ష చేయించుకో. సల్ఫా మందులు పడవన్న సంగతీ రాయించు, ఎత్తు జబ్బుకు ఇచ్చే డయామాక్స్ ఆ కుటుంబంలోదే. పరీక్ష ఫలితం రాగానే నాకు పంపు, ఆ తరువాతే బూట్లు, కళ్లద్దాలు కొనడానికి వెళదాం.

ఆశీస్సులతో,
మీ అత్త