4294967297 ప్రధాన సంఖ్య కాదని చేత్తో ఎలా తేల్చాలి?

కాలిక్యులేటర్ లేకుండా 4294967297 ప్రధాన సంఖ్యో కాదో తేల్చగలమా అని అడిగారు. తేల్చగలం. అది ప్రధాన సంఖ్య కాదు, 641 దాని కారణాంకం. అయితే ఆ 641 ఎక్కడి నుంచి వచ్చిందన్నదే అసలు సంగతి. నాకు అది ఎలా తెలిసిందో చెబుతాను.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చినప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. మాది సోంపేట దగ్గర పల్లె. కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి, కరెంటు చాలా రోజులు లేదు. రాత్రుళ్లు దీపం ముందు కూర్చుని ఈ సంఖ్యను 3, 7, 11, 13 అంటూ వరసగా భాగించుకుంటూ పోయాను. 97 దగ్గర శేషం సున్నా వచ్చింది. సంబరంగా అమ్మకు కూడా చూపించాను. తిరిగి గుణిస్తే సరిపోలేదు. ఒక తీసివేతలో అప్పు తెచ్చుకోవడం మరిచిపోయాను.

మా వీధిలో ఉండే రిటైర్డ్ లెక్కల మాస్టారు నా నోటుబుక్ చూసి, "ఏట్రా, దీని వర్గమూలం 65536 దాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితోనూ భాగిస్తావా? ఆరు వేలకు పైనే ఉన్నాయి. అంకెలు వదిలెయ్, ఆ సంఖ్య ఎలా పుట్టిందో చూడు" అన్నారు.

అది 2³²+1. ‘ప’ అనే ప్రధాన సంఖ్య దీన్ని భాగిస్తుందనుకోండి. అప్పుడు 2³²కు శేషం -1 (అంటే ‘ప’ గుణిజానికి ఒకటి తక్కువ), వర్గం చేస్తే 2⁶⁴కు శేషం 1. అంటే 2 ఘాతాల శేషాలు సరిగ్గా 64 మెట్లకు మళ్లీ మొదటికొస్తాయి. ఇంకా ముందే వచ్చి ఉంటే 32వ మెట్టు దగ్గరే 1 కనిపించాలి కదా, అక్కడ ఉన్నది -1. గణితజ్ఞుడు ఫెర్మా చెప్పిన ‘చిన్న సిద్ధాంతం’ ప్రకారం ‘ప-1’వ మెట్టు దగ్గర కూడా శేషం 1. కాబట్టి ‘ప-1’ 64కు గుణిజం కావాల్సిందే.

ఇక 65తో మొదలుపెట్టి 64 చొప్పున కలుపుకుంటూ పోవడమే. 65, 129, 321, 385, 513 ప్రధాన సంఖ్యలు కావు. మిగిలినవి 193, 257, 449, 577, 641. ఐదో భాగహారానికే శేషం సున్నా, భాగఫలం 6700417! ఆ రాత్రి మూడుసార్లు గుణించి చూసుకున్నాను.

2+1, 2²+1, 2⁴+1, 2⁸+1, 2¹⁶+1, అంటే 3, 5, 17, 257, 65537 తర్వాత వచ్చే ఈ సంఖ్య కూడా ప్రధాన సంఖ్యేనని ఫెర్మా నమ్మాడు. 1732లో ఆయిలర్ అనే గణితజ్ఞుడు 641 చూపించాడు. తాళంచెవి ఫెర్మా సొంత సిద్ధాంతంలోనే ఉందని మాస్టారు చెప్పినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది.

భాగహారం కూడా చేయకుండా సరిచూసుకోవచ్చు. 641 అంటే 5×2⁷+1, అదే 5⁴+2⁴ కూడా. మొదటి రూపం వల్ల 5×2⁷ శేషం -1, దాని నాలుగో ఘాతం 5⁴×2²⁸ శేషం 1. రెండో రూపం వల్ల 5⁴ బదులు -2⁴ రాయొచ్చు. అప్పుడు -2³² శేషం 1 అవుతుంది, 2³²+1 శేషం సున్నా.

6700417 మాత్రం ప్రధాన సంఖ్యే. దాని ప్రధాన కారణాంకాలూ ఇదే 64 మెట్ల వరసలో ఉండాలి, 641 కంటే చిన్నవి ముందే పోయాయి. కాబట్టి దాని వర్గమూలం 2588 దాకా చూడాల్సినవి 641, 769, 1153, 1217, 1409, 1601, 2113 మాత్రమే. ఆ ఏడు భాగహారాలూ మీరే చేసి చూడండి, ఒక్కదానికీ శేషం సున్నా రాదు.